తిమోర్-లెస్తెలో ఒంటరిగా, భుజాన సంచితో: ఆడవాళ్ల కోసం సమగ్ర మార్గదర్శి

బాలీ వెళ్లొచ్చినవాళ్లు బోలెడంతమంది. అక్కడి నుంచి ఇంకో రెండు గంటలు విమానంలో తూర్పుకు వెళ్తే మరో దేశం ఉందని వాళ్లలో చాలామందికి తెలియదు. తిమోర్ ద్వీపంలో తూర్పు సగం, పడమటి సగంలో చిక్కుకుపోయిన ఒయెకుసి అనే తునక, సముద్రంలో అతౌరు, జాకు అనే రెండు చిన్న ద్వీపాలు. అన్నీ కలిపి దాదాపు 15 వేల చదరపు కిలోమీటర్లు, పదమూడు లక్షల పైచిలుకు జనం. అదే తిమోర్-లెస్తె. మనలో కొందరు తూర్పు తిమోర్ అన్న పేరుతో వినే ఉంటారు. కొన్ని వందల ఏళ్లు పోర్చుగల్ ఏలింది. 1975లో ఇండోనేషియా ఆక్రమించింది. 1999 ఆగస్టు 30న జనం ఓటేసి స్వాతంత్ర్యం కావాలన్నారు. 2002 మే 20న అది దక్కింది. 2025 అక్టోబరులో ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌లో పదకొండో దేశంగా చేరింది.

పర్యాటకులు తక్కువగా వచ్చే చోట ఒంటరి ఆడమనిషికి కొన్ని సుఖాలున్నాయి, కొన్ని ఇబ్బందులున్నాయి. వెంటపడి అమ్మేవాళ్లు ఉండరు. విదేశీయులను మోసం చేయడమే పనిగా పెట్టుకున్న ముఠాలు ఉండవు. అలాగే ప్రతి ఊళ్లో హాస్టలూ, ప్రతి రాత్రి నడిచే బస్సూ, తోడు దొరికే పర్యాటకుల గుంపూ ఉండవు. అందుకే ఈ వ్యాసం మొత్తంలో ఒకటే మాట పదే పదే వస్తుంది: ఈ దేశంలో మీకున్న అన్నిటికన్నా గట్టి రక్షణ, మీరెవరో, ఈ రాత్రి ఎక్కడ ఉంటారో, రేపు ఎటు వెళ్తారో నలుగురికీ తెలిసి ఉండటం. గుట్టుగా తిరగడం వేరే దేశాల్లో పనికొస్తుందేమో గానీ, ఇక్కడ పనికిరాదు.

ప్రమాదాల సంగతి కూడా ముందే తేల్చుకుందాం. మనం ఇంట్లో కూర్చుని భయపడేది మనుషుల గురించి. అక్కడికి వెళ్లాక నేను ముందు జాగ్రత్త పడమనేది కొండ రోడ్ల గురించి, తర్వాత దోమల గురించి, ఉప్పునీటి మొసళ్ల గురించి, చీకటి గురించి. మగవాళ్ల వేధింపులు లేవని కాదు, ఉన్నాయి. వాటి సంగతి విడిగా చెప్తాను.

మొదటి మెట్టు: ఎప్పుడు, ఎన్నాళ్లు

మే నుంచి నవంబరు దాకా వానలు లేని కాలం. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా వానలు. వానల్లో కొండచరియలు రోడ్ల మీదికి జారతాయి, వాగులు పొంగుతాయి, మధ్యాహ్నానికల్లా శిఖరాలన్నీ మబ్బుల్లో మునిగిపోతాయి. ఒంటరిగా వెళ్లేవాళ్లకు నా సలహా జూన్ నుంచి సెప్టెంబరు. తిమింగలాలను చూడాలని ఉంటే అక్టోబరు, నవంబరు. ఆ నెలల్లో రాజధాని దిలీకి ఉత్తరాన ఉన్న లోతైన జలసంధి గుండా నీలి తిమింగలాలు దక్షిణానికి వలసపోతాయి.

పటంలో చిన్న దేశమే, కానీ దూరాలను కిలోమీటర్లలో కొలవకండి. బాగుపడిన రోడ్డు మీద నాలుగు గంటల్లో వెళ్లేంత దూరం, పాడైన రోడ్డు మీద రోజంతా తినేస్తుంది. దిలీ, అతౌరు, రామెలౌ శిఖరం, తూర్పు కొస అన్నీ చూడాలంటే మూడు వారాలు కావాలి. రెండు వారాలే ఉంటే కొండలో, తూర్పో, ఏదో ఒకటి వదులుకోండి. హడావిడి పడ్డవాళ్లే చీకటి పడ్డాక రోడ్డు మీద ఉండిపోతారు.

రెండో మెట్టు: వీసా, విమానం

దిలీలోని నికొలౌ లొబాతు విమానాశ్రయంలో దిగితే చాలా దేశాల పాస్‌పోర్టులకు అక్కడికక్కడే 30 రోజుల వీసా ఇస్తారు. 30 అమెరికన్ డాలర్లు, నోట్ల రూపంలో చేతిలో సిద్ధంగా ఉండాలి. పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు ఉండాలి, తిరుగు టికెట్టు, మొదటి బస చిరునామా చూపించాల్సి రావచ్చు. వీటిని ఫోన్‌లో పెట్టుకుంటే సరిపోదు, కాగితం మీద అచ్చు తీసుకోండి. ఇండోనేషియా వైపు నుంచి బస్సులో బతుగదే సరిహద్దు దాటి రావాలనుకుంటే కథ వేరు: చాలా దేశాల వాళ్లు వీసా అనుమతి పత్రం ముందుగానే తెప్పించుకోవాలి. అది లేకుండా సరిహద్దు దాకా వెళ్తే వెనక్కి పంపేస్తారు. నియమాలు మారుతుంటాయి కాబట్టి టికెట్టు కొనే ముందు ఇమిగ్రేషన్ శాఖ వెబ్‌సైట్ చూడండి.

విమానాలు ముఖ్యంగా బాలీలోని దెన్‌పసార్, ఆస్ట్రేలియాలోని డార్విన్, సింగపూర్ నుంచి ఉంటాయి. ఒక్కటే నియమం: పగటి పూట దిగే విమానమే ఎంచుకోండి. డబ్బు కొంచెం ఎక్కువైనా సరే. బాలీలో సామాను తీసుకుని మళ్లీ చెకిన్ చేయాల్సి వస్తే ఇండోనేషియా వీసా కూడా కావాలి, అది మరవద్దు.

మూడో మెట్టు: ఒంటి సంగతి

2025 జులైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ తిమోర్-లెస్తెను మలేరియా లేని దేశంగా ధ్రువీకరించింది. ఇరవై ఏళ్ల కిందట లక్షల్లో కేసులున్న చోట అది సాధించడం మామూలు విషయం కాదు. అయితే దోమలు ఎక్కడికీ పోలేదు. డెంగీ ఉంది, వానాకాలంలో విజృంభిస్తుంది. డెంగీ దోమ పగలు కుడుతుంది కాబట్టి పొద్దున, సాయంత్రం కూడా కాళ్లకు మందు రాసుకోవాలి. జ్వరం వస్తే పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ లాంటివి వేసుకోకండి, డెంగీలో అవి రక్తస్రావాన్ని పెంచుతాయి.

రేబిస్ 2024లో మొదటిసారి ఈ దేశంలో, ఒయెకుసి ప్రాంతంలో బయటపడింది. ఊళ్లలో కుక్కలు విపరీతం. వెళ్లే ముందే రేబిస్ టీకా వేయించుకోమని నేను గట్టిగా చెప్తాను. ఎందుకంటే కొండల్లో కుక్క కరిస్తే దిలీ చేరడానికే ఒక రోజు పట్టొచ్చు, చేరాక అక్కడ మందు దొరుకుతుందన్న హామీ లేదు. టైఫాయిడ్, హెపటైటిస్ ఎ టీకాల సంగతి డాక్టరును అడగండి.

బీమా విషయంలో పిసినారితనం వద్దు. దిలీలో గిదు వలదారిస్ జాతీయ ఆసుపత్రి ఉంది, కొన్ని క్లినిక్కులు ఉన్నాయి. కేసు పెద్దదైతే విమానంలో డార్విన్‌కు తరలించడమే దారి, దానికయ్యే ఖర్చు మామూలు మనిషి భరించలేనిది. అందుకని మీ పాలసీలో వైద్య తరలింపు ఉందో లేదో, మోటారు సైకిలు వెనక కూర్చుంటే వర్తిస్తుందో లేదో, చదివి మరీ కొనండి.

నెలసరి గురించి. ప్యాడ్లు దిలీ సూపర్‌మార్కెట్లలో, పట్టణాల కొట్లలో దొరుకుతాయి. టాంపాన్లు దాదాపు దొరకవనే అనుకోండి. మెన్‌స్ట్రువల్ కప్పు అలవాటున్నవాళ్లకు హాయి, కానీ కడుక్కోవడానికి శుభ్రమైన నీటి సీసా ఒకటి విడిగా పెట్టుకోవాలి. బయటి ఊళ్లలో స్నానాల గది అంటే సిమెంటు తొట్టి, అందులో నీళ్లు, ఒక చెంబు. వాడిన ప్యాడ్లు వేయడానికి డబ్బా ఉండదు, కాబట్టి నల్ల సంచులు దగ్గర ఉంచుకుని పట్టణం దాకా మోసుకురావాలి. గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లు ప్రయాణం మొత్తానికీ సరిపడా, అత్యవసర మాత్రతో సహా, ఇంటి నుంచే తెచ్చుకోండి. అక్కడ కొనుక్కుందాం అని వదిలేయకండి.

నాలుగో మెట్టు: సంచి, డబ్బు

మీరు ఒంటి చేత్తో ఎత్తి బస్సు పైకి అందించగలిగేంత బరువు, అంతకు మించి వద్దు. మోకాళ్లు దాటే వదులు బట్టలు, ఒక లుంగీ లాంటి గుడ్డ (స్నానానికీ, పరుచుకోవడానికీ, కప్పుకోవడానికీ), కొండ చలికి ఉన్ని చొక్కా, నుదుటికి కట్టుకునే టార్చి, పవర్ బ్యాంకు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, తలుపు కింద దూర్చే రబ్బరు ముక్క. ఈ రబ్బరు ముక్క పెద్ద ఖరీదేమీ కాదు, గడియ సరిగా పడని గదిలో మాత్రం నిద్ర పట్టించేది అదే.

దేశంలో చెలామణీ అయ్యేది అమెరికన్ డాలరే. నాణేలు మాత్రం వాళ్లవి, సెంతావు అంటారు, వంద సెంతావులు ఒక డాలరు. చిరిగిన, మరీ పాత, మరకలున్న డాలరు నోట్లు ఎవరూ తీసుకోరు. ఏటీఎంలు దిలీలో దొరుకుతాయి, బయట అరుదు, ఉన్నా డబ్బు ఉంటుందన్న నమ్మకం లేదు. దిలీ దాటే ముందే మొత్తం ప్రయాణానికి సరిపడా ఒకటి, ఐదు, పది డాలర్ల నోట్లుగా మార్చుకుని మూడు చోట్ల పెట్టుకోండి: ఒంటి మీద, సంచి అడుగున, మందుల డబ్బాలో. పల్లెలో యాభై డాలర్ల నోటు ఇస్తే చిల్లర దొరకదు, పైగా మీ దగ్గర ఎంత ఉందో ఊరంతా తెలుస్తుంది. ఇండోనేషియాలో ఖర్చుపెట్టినట్టు ఇక్కడ కుదరదు, బసకూ పడవలకూ అంతకన్నా ఎక్కువే అవుతుంది.

ఐదో మెట్టు: దిలీలో మొదటి మూడు రోజులు

మొదటి మూడు రాత్రులు ముందుగానే బుక్ చేసుకోండి, విమానాశ్రయానికి మనిషిని పంపమని ఆ బస వాళ్లకే రాయండి. బస ఎంచుకునేటప్పుడు అక్కడ ఆడవాళ్లు నడుపుతున్నారా, కుటుంబం ఉంటుందా, గేటుకు కాపలా ఉందా అని చూడండి. క్యాథలిక్ దేశం కాబట్టి చాలా ఊళ్లలో కన్యాస్త్రీల మఠాలుంటాయి, కొన్నిచోట్ల గదులు కూడా ఇస్తారు. దిలీలోనే ఎవరినైనా అడిగి ఏ ఊళ్లో ఏ మఠం ఉందో రాసుకోండి. ముందుకెళ్లాక అది చాలా పనికొస్తుంది.

మొదటి రోజు పని సిమ్ కార్డు. పాస్‌పోర్టు చూపించాలి. తిమోర్ టెలికామ్, తెల్కొమ్‌సెల్, తెలెమోర్ అని మూడు కంపెనీలున్నాయి. మీరు వెళ్లబోయే ఊళ్ల పేర్లు చెప్పి ఏది పనిచేస్తుందో బస వాళ్లను అడగండి, కొండల్లో ఒక్కోచోట ఒక్కోటే అందుతుంది. దేశం మొత్తం పటం ఫోన్‌లోకి దించుకోండి.

తర్వాత మిక్రోలెట్ నేర్చుకోండి. దిలీ వీధుల్లో రంగురంగులుగా, మీద నంబరుతో తిరిగే చిన్న వ్యాన్లు. ఛార్జీ పావు డాలరు, అంటే ఇరవై ఐదు సెంతావులు. తలుపు తెరిచే ఉంటుంది, వంగి లోపలికి దూరి ఎదురెదురు బల్లల మీద మోకాళ్లు తగిలేలా కూర్చోవాలి. పాట మోత చెవులు పగిలేలా ఉంటుంది కాబట్టి "ఆపండి" అని అరిచినా వినపడదు. అందరూ చేసే పని ఒకటే: పైనున్న ఇనుప కడ్డీ మీద నాణెంతో టక్ టక్ మని కొట్టడం. డ్రైవరు ఆపుతాడు, దిగి వెళ్లి ఆ నాణెమే అతని చేతిలో పెట్టాలి. నాణెం ముందే గుప్పిట్లో పట్టుకుని ఎక్కండి. కొట్టడానికీ, ఇవ్వడానికీ అదే. పగలు ఇవి ఆడవాళ్లతో, బడిపిల్లలతో నిండి ఉంటాయి, టాక్సీ కన్నా వీటిలోనే నాకు ధైర్యం. చీకటి పడుతుండగా ఒక్కొక్కటే ఇంటికి వెళ్లిపోతాయి.

టాక్సీల్లో, ముఖ్యంగా రాత్రి పూట, ఒంటరి ఆడవాళ్లను డ్రైవర్లు వేధించిన ఫిర్యాదులు ఉన్నాయి. దారిలో చెయ్యెత్తి ఆపకండి. బస వాళ్లకు తెలిసిన డ్రైవరు నంబరు తీసుకోండి, వెనక సీట్లో కూర్చోండి. ఏడాది పొడవునా ఆరున్నర, ఏడు మధ్యలో పొద్దు గూకుతుంది. ఆ వేళకు గదిలో ఉండేలా రోజును అమర్చుకోండి. సముద్రపు ఒడ్డున జాగింగ్ చేస్తున్న ఆడవాళ్లను బైకుల మీద వచ్చి తాకి పారిపోవడం, సంచీ లాక్కోవడం దిలీలో జరిగే పనులే. క్రిస్తు రెయ్ విగ్రహం, అదే 27 మీటర్ల ఏసుక్రీస్తు విగ్రహం ఉన్న కొండ కూడా అంతే. తెల్లవారుజామున ఊరి జనం వ్యాయామానికి మెట్లెక్కే వేళ వాళ్లతో కలిసి ఎక్కితే చాలా బాగుంటుంది. మనుషుల్లేని వేళ ఒంటరిగా వెళ్లొద్దు.

దిలీని దాటేలోపు రెండు చోట్లు తప్పక చూడాలి, సరదా కోసం కాదు. ఒకటి సాంతా క్రూజ్ శ్మశానం. 1991 నవంబరు 12న అక్కడికి ఊరేగింపుగా వచ్చిన యువత మీద ఇండోనేషియా సైన్యం కాల్పులు జరిపింది, రెండు వందలకు పైగా చనిపోయారు. రెండోది బలిదె జైలు. ఆక్రమణ కాలంలో ఖైదీలను హింసించిన ఆ చీకటి కొట్లు ఇప్పుడు షేగా (పోర్చుగీసులో "ఇక చాలు") కేంద్రంగా మారి జనానికి తెరిచి ఉన్నాయి. సత్య, సయోధ్య కమిషన్ లెక్క ప్రకారం 1974 నుంచి 1999 మధ్య ఈ ఘర్షణ వల్ల చనిపోయినవాళ్లు తక్కువలో తక్కువ లక్షా రెండు వేలమంది. మీరు కూర్చునే ప్రతి వంటింట్లో, మీకు కాఫీ పోసే ప్రతి పెద్దావిడ జీవితంలో ఆ లెక్క ఉంది. స్వాతంత్ర్య పోరాటంలో ఆడవాళ్ల సంఘం కట్టిన రోజా బొనపార్త్‌ను 1975 డిసెంబరులో, దండయాత్ర మొదలైన వెంటనే, దిలీలో చంపేశారు. ఇవి తెలుసుకుని వెళ్తే ఏం అడగొచ్చో ఏం అడగకూడదో తెలుస్తుంది. "మీ ఆయన ఎలా పోయారు" అని మీరుగా అడగొద్దు. ఆమే చెప్తే వినండి.

ఆరో మెట్టు: మాట, బట్ట, మర్యాద

అధికార భాషలు తేతుమ్, పోర్చుగీసు. చాలామందికి ఇండోనేషియా భాష వస్తుంది. ఇంగ్లీషు దిలీ కుర్రకారుకు కొంత వస్తుంది, కొండల్లో రాదు. తేతుమ్ ముక్కలు నేర్చుకోవడం ఒంటరి ఆడవాళ్లకు సరదా పని కాదు, అవసరం. పొద్దున "బొన్‌దియా", మధ్యాహ్నం దాటాక "బొతార్దె", రాత్రి "బొనొయితె". కృతజ్ఞత చెప్పాలంటే ఆడవాళ్లు "ఒబ్రిగాదా" అనాలి. మనుషుల మధ్య నుంచి వెళ్లేటప్పుడు కొంచెం వంగి "కొలిసెన్సా" అంటే చాలు, ముసలివాళ్ల మొహాలు విచ్చుకుంటాయి. మీకన్నా పెద్ద ఆడవాళ్లను "మానా", మగవాళ్లను "మౌన్" అని పిలవండి. మిమ్మల్నీ "మానా" అంటారు. ఆ పిలుపుతో మాట్లాడుతున్నంతసేపూ మీరు ఎవరింటి అక్కో చెల్లో అవుతారు, మీతో తేడాగా మాట్లాడటం అవతలి మగాడికి కష్టమవుతుంది.

రోజుకు నలభై సార్లు వినే ప్రశ్న "మెసాక్?", ఒక్కదానివేనా అని. చాలాసార్లు అందులో జాలే ఉంటుంది. అక్కడ ఆడపిల్ల ఒంటరిగా ప్రయాణం చేయడం అరుదు, ఎవరూ తోడు రాలేదంటే మీకేదో కష్టం వచ్చిందనుకుంటారు. ఆడవాళ్లు అడిగితే నిజం చెప్పండి, ఇంటి ఫోటోలు చూపించండి. కొత్త మగాడు అడిగితే "హౌ నియా కాబెన్ ఇహా దిలీ" అనండి, మా ఆయన దిలీలో ఉన్నాడని. లేని మొగుణ్ని సృష్టించడం నచ్చకపోతే తర్వాతి ఊళ్లో స్నేహితురాలు ఎదురుచూస్తోందని చెప్పండి. ఎవరో ఒకరు మీకోసం చూస్తున్నారని తెలియడమే ముఖ్యం. వద్దంటే "లాకోహి". చెయ్యి వేస్తే "కెతా కోనా హౌ!", నన్ను తాకొద్దు అని, గట్టిగా, పదిమందికీ వినిపించేలా. సిగ్గు పడాల్సింది అతను. పక్కనున్న ఆడవాళ్లు కలగజేసుకుంటారు.

బట్టల దగ్గర ఊరి ఆడవాళ్లను చూసి నడుచుకోండి. భుజాలు, మోకాళ్లు కప్పితే చర్చిలోకీ ఇళ్లలోకీ ఇబ్బంది లేకుండా వెళ్లొచ్చు. సముద్రంలో దిగేటప్పుడు ఊరి వాళ్లు టీ షర్టు, నిక్కరుతోనే దిగుతారు. అతౌరులో పర్యాటకుల బసల ముందు తప్ప ఈత దుస్తుల మీద ఏదైనా వేసుకోండి.

ఊళ్లలో ఎత్తైన స్తంభాల మీద, గడ్డి కప్పుతో ఉండే ఇళ్లు కనిపిస్తాయి. వాటిని ఉమా లులిక్ అంటారు, వంశాల పవిత్ర గృహాలు. అనుమతి లేకుండా తాకకూడదు, ఎక్కకూడదు, ఫోటో తీయకూడదు. ఇది ఉత్త మర్యాద కాదు, అక్కడ లులిక్‌ను, అంటే పవిత్రమైనదాని కట్టుబాటును, ఉల్లంఘిస్తే కీడు జరుగుతుందని జనం నిజంగా నమ్ముతారు, ఆ కీడు మీ ఒక్కరితో ఆగదని కూడా.

శాకాహారులకు చిన్న మాట: "లా హాన్ నాఆన్" అంటే మాంసం తిననని. మొక్కజొన్న, పెసలు, గుమ్మడికాయ కలిపి ఉడికించే బతార్ దాఆన్ కడుపు నిండా తినొచ్చు. అన్నం, ఆకుకూర, టోఫు, టెంపే (పులియబెట్టిన సోయా గింజల ముద్ద) దాదాపు అన్ని చిన్న హోటళ్లలో ఉంటాయి. కాఫీ అయితే చెప్పక్కర్లేదు, కొండల మీదంతా కాఫీ తోటలే.

ఏడో మెట్టు: దిలీ దాటడం

తూర్పుకు వెళ్లే బస్సులు బెకోరా వైపు నుంచి, దక్షిణపు కొండలకు వెళ్లేవి తైబెసి నుంచి, పడమటికి వెళ్లేవి తాసితోలు నుంచి బయల్దేరతాయి. వేళ అంటూ లేదు, నిండితే కదులుతాయి. తెల్లారకముందే నిండడం మొదలవుతుంది. ఆరు గంటలకల్లా అక్కడ ఉంటే పొద్దు ఉండగానే దిగుతారు. పది గంటలకు తాపీగా వెళ్తే చీకట్లో దిగుతారు. ముందు సీటో, ఆడవాళ్ల పక్క సీటో అడిగి తీసుకోండి. సంచి పైన కట్టినా పాస్‌పోర్టు, డబ్బు, మందులు ఒళ్లో ఉండాలి. డ్రైవరు తాగి ఉన్నాడనిపిస్తే ఎక్కకండి, ఎక్కాక తెలిస్తే దిగిపోండి, డబ్బు పోతే పోనివ్వండి. కొండ దారుల్లో అంగునా అనే బండ్లు నడుస్తాయి, వెనక మనుషులూ, బియ్యం బస్తాలూ, పందులూ, కోళ్లూ కలిసి ప్రయాణించే లారీలు. వేరే దారి లేనప్పుడే ఎక్కండి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన పని. ఒక ఊరు వదిలే ముందు, ఆ బస యజమానురాలి చేతే తర్వాతి ఊరి బసకు ఫోన్ చేయించండి. "రేపు ఒక మానా వస్తోంది, ఒక్కతే, ఫలానా బస్సులో" అని. బస్సు ఎక్కేటప్పుడు ఆమె డ్రైవరుతో ఒక మాట చెబితే ఇంకా మంచిది. చేరగానే ఆమెకు తిరిగి ఫోన్ చేయండి. అక్కడ అందరికీ ఎవరో ఒక చుట్టం ప్రతి ఊళ్లోనూ ఉంటారు కాబట్టి ఈ కబురు మీకన్నా ముందు చేరుతుంది. మీరు దిగేసరికి ఎవరో ఒకరు రోడ్డు పక్కన నిలబడి ఉంటారు. దేశం మొత్తం ఇలా చేతులు మారుతూ తిరగొచ్చు. ఇంటికి కూడా రోజూ ఒక వేళకు సందేశం పెట్టండి. కానీ సిగ్నల్ లేని ఊరు ఉంటే ముందే చెప్పండి, లేకపోతే అక్కడ ఇంటిల్లిపాదీ కంగారు పడతారు.

ఎనిమిదో మెట్టు: దారి

ముందు అతౌరు. దిలీ నుంచి పాతిక కిలోమీటర్ల దూరంలో, ఒంటరి ప్రయాణానికి అలవాటు పడటానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. శనివారం పెద్ద ఫెర్రీ వెళ్తుంది, ఆ రోజే బెలోయ్ రేవులో సంత. మిగతా రోజుల్లో చిన్న వేగపు పడవలుంటాయి, పొద్దుటి పడవ ఎక్కండి, మధ్యాహ్నానికి సముద్రం లేస్తుంది. లైఫ్ జాకెట్లు లేని పడవ ఎక్కొద్దు. 2016లో శాస్త్రవేత్తలు ఇక్కడి పగడపు దిబ్బల దగ్గర ఒక్కో చోట సగటున 253 రకాల చేపలు లెక్కపెట్టారు, అప్పటిదాకా ప్రపంచంలో ఎక్కడా నమోదు కానంత సగటు అది. పడమటి ఒడ్డున అదారా అనే పల్లెలో ఆడవాళ్లు చెక్కతో చేసిన కళ్లద్దాలు పెట్టుకుని, ఈటెతో నీళ్లలోకి మునిగి చేపలు పడతారు. బెలోయ్ నుంచి అక్కడికి ద్వీపం మధ్యలోంచి కొన్ని గంటల కొండ నడక, దారి చూపడానికి మనిషిని తీసుకుని వెళ్లండి. వీలా పల్లెలో ఆడవాళ్లు కలిసి గుడ్డ బొమ్మలు కుట్టే పనిశాల ఉంది. కుట్టు మిషన్ల చప్పుడు మధ్య ఓ గంట కూర్చుంటే ఊరి సంగతులన్నీ తెలుస్తాయి.

తర్వాత కొండలు. దిలీ నుంచి మౌబిసే, అక్కడి నుంచి హాతు బుయిలికు. దేశంలో ఎత్తైన రామెలౌ శిఖరం, దాదాపు మూడు వేల మీటర్లు, ఆ పల్లె పైనే ఉంది. సూర్యోదయం చూడాలంటే రాత్రి మూడు గంటలకు బయల్దేరాలి. చీకట్లో ఒంటరిగా వద్దు. బస వాళ్లను అడిగి గైడును మాట్లాడుకోండి, వీలైతే ముందు రోజు సాయంత్రం అతన్ని కలిసి, అతని ఇల్లు ఎక్కడో, ఇంట్లో ఎవరున్నారో తెలుసుకోండి. దారి కష్టమైంది కాదు, వెడల్పుగా, మెట్లు మెట్లుగా ఎక్కుతుంది. ఇబ్బంది పెట్టేది చలి. ఎక్కుతున్నప్పుడు చెమట పట్టి, పైన మేరీమాత విగ్రహం పక్కన పొద్దు కోసం ఆగినప్పుడు పళ్లు టకటకలాడతాయి. పొడి బనియను ఒకటి సంచిలో పెట్టుకుని పైకి చేరగానే మార్చుకోండి. వెలుగు వచ్చాక ఒకవైపు ఉత్తర సముద్రం, ఇంకోవైపు దక్షిణ సముద్రం, రెండూ కనిపిస్తాయి.

ఆఖరున తూర్పు. బౌకౌ రెండో పెద్ద పట్టణం, ఊటనీటితో నిండే ఈత కొలను ఉంది. మంచి విడిది. అక్కడి నుంచి లోస్పాలోస్, ఆ పైన తుతువాలా. ఈ ప్రాంతమంతా 2007లో ఏర్పడిన నీను కోనిస్ సంతానా జాతీయ వనం. తుతువాలా దగ్గర జెరిమలై గుహలో 42 వేల ఏళ్ల కిందట మనుషులు లోతు సముద్రపు చేపలు పట్టి తిన్న ఆనవాళ్లు దొరికాయి. కొండ కింద వాలు తీరం, ఎదురుగా జాకు ద్వీపం. అది లులిక్ నేల, రాత్రి ఎవరూ ఉండకూడదు. పగలు జాలరులు పడవలో దింపి, చెప్పిన వేళకు వచ్చి తీసుకెళ్తారు. మీరు ఒక్కరే అక్కడ దిగడం కన్నా ఇంకెవరైనా వచ్చే రోజు దాకా ఆగడం మేలు. ఆదివారాల్లో కుటుంబాలు వస్తాయి. నీళ్లు, తిండి మీరే తీసుకెళ్లాలి, చెత్త మీరే వెనక్కి తేవాలి. తుతువాలాకు బండ్లు తక్కువ కాబట్టి తిరుగు ప్రయాణం ఏ రోజు, ఏ బండిలో అన్నది లోస్పాలోస్‌లోనే తేల్చుకుని కదలండి.

మొసళ్లు

దీన్ని విడిగా ఎందుకు రాస్తున్నానంటే, అందమైన ఖాళీ తీరం చూడగానే మనసు ఆగదు. ఇక్కడి ఉప్పునీటి మొసళ్లు మనుషులను చంపాయి, చంపుతున్నాయి. తిమోర్ ద్వీపమే ఒక మొసలి శరీరమని, తనను కాపాడిన కుర్రవాడి రుణం తీర్చుకోవడానికి అది నేలగా మారిందని వాళ్ల పురాణం. అందుకే మొసలిని "అబో" అని, తాతా అని పిలుస్తారు, చంపరు. నదులు సముద్రంలో కలిసే చోట, మడ అడవుల దగ్గర, దక్షిణ తీరమంతా, తూర్పున ఇరా లలారో సరస్సులో దిగొద్దు. మిగతా చోట్ల దిగే ముందు ప్రతిసారీ "లఫయెక్ ఇహా?", మొసలి ఉందా అని అడగండి. ఊరి పిల్లలు నీళ్లలో లేకపోతే మీరూ దిగకండి. సాయంత్రం, తెల్లవారుజామున అసలే వద్దు.

ఏదైనా జరిగితే

అత్యవసర నంబరు 112, కానీ కొండల్లో సాయం త్వరగా వస్తుందనుకోవద్దు. పల్లెలో మొదట వెళ్లాల్సింది ఊరి పెద్ద, షెఫి సుకు ఇంటికి, లేదా మఠానికి. మఠం దగ్గరుంటే నేనైతే అక్కడికే వెళ్లమంటాను. లైంగిక దాడి జరిగితే దిలీలో జాతీయ ఆసుపత్రి ఆవరణలో ప్రదెత్ సంస్థ నడిపే ఫాతిన్ హక్‌మాతెక్ అనే ఆశ్రయం ఉంది. వైద్య పరీక్ష, సాక్ష్యాల నమోదు, మాట సాయం అన్నీ అక్కడే, ఆడవాళ్ల చేతుల మీదుగా జరుగుతాయి. పోలీసు శాఖలో ఆడవాళ్ల, పిల్లల కేసులు చూసే విడి విభాగం ఉంది, ఆ సంస్థ వాళ్లే తోడు వస్తారు. గర్భం, అంటువ్యాధులు రాకుండా వాడే మందులు మొదటి మూడు రోజుల్లోపే పడాలి కాబట్టి, ఊరు ఏదైనా సరే, దిలీకి బయల్దేరడమే ముందు పని. బీమా కంపెనీ నంబరు, మీ దేశ రాయబార కార్యాలయం నంబరు కాగితం మీద రాసుకోండి. చాలా దేశాలు తిమోర్ వ్యవహారాలను జకార్తా నుంచే చూస్తాయి.

కొన్ని చోట్ల యుద్ధ కళల ముఠాల కుర్రాళ్ల మధ్య రాళ్లు రువ్వుకోవడం, కొట్లాటలు జరుగుతాయి. విదేశీయుల మీద పగ ఏమీ ఉండదు, మధ్యలో చిక్కుకోకుండా ఉంటే చాలు. గుంపు కనిపిస్తే దగ్గర్లోని ఇంట్లోకో, కొట్లోకో వెళ్లి కూర్చోండి. సద్దుమణిగాక వాళ్లే పంపిస్తారు.

తిరుగు దారి

విమానానికి రెండు రోజుల ముందే దిలీ చేరండి. ఫెర్రీ ఆగిపోవచ్చు, రోడ్డు తెగిపోవచ్చు, బస్సు నిండకపోవచ్చు. మిగిలిన పొద్దులో తాయిస్ సంత చూడండి. తాయిస్ అంటే ఆడవాళ్లు నడుముకు కట్టుకునే మగ్గం మీద నేసే బట్ట. 2021లో యునెస్కో దాన్ని అత్యవసరంగా కాపాడుకోవాల్సిన వారసత్వాల జాబితాలో చేర్చింది. వీలుంటే దారిలో నేసిన మనిషి దగ్గరే కొనండి, డబ్బు నేరుగా ఆమె చేతికి వెళ్తుంది. మగవాళ్ల తాయిస్ నడుముకు చుట్టుకునే వెడల్పాటి గుడ్డలా ఉంటుంది, ఆడవాళ్లది గొట్టంలా కుట్టి ఉంటుంది, ఎవరికి ఇవ్వాలో చెప్పి అడిగితే సరైనది తీసిస్తారు. మిగిలిన సెంతావు నాణేలు దేశం దాటితే చెల్లవు, విమానాశ్రయం వెళ్లేలోపే కాఫీ గింజల మీద ఖర్చుపెట్టేయండి. మీరు ఉన్న ప్రతి ఇంటికీ, క్షేమంగా చేరానని ఒక్కో ఫోన్ చేయండి. వాళ్లు నిజంగానే కనిపెట్టుకుని ఉంటారు.